కుట్టు దాటే మిషను, లెక్క తప్పే చిప్పు

మా అమ్మకి ఒక కుట్టుమిషను వుండేది. నాన్నగారు వాయిదాల మీద కొన్నారు. ఇంటికొచ్చిన మూడో రోజునే అమ్మ దాని జబ్బు కనిపెట్టేసింది. దళసరి గుడ్డ మీద బ్రహ్మాండంగా పరిగెత్తేది గానీ, వాయిలు, మల్లులాంటి పల్చటి బట్ట పెడితే జానెడు దూరానికొకసారి ఒక కుట్టు దాటేసేది. నాన్నగారు షాపుకి వెళ్ళి అడిగితే, ఆ షాపాయన "ఎప్పుడో ఒక్క కుట్టేగదండీ, ఎవరు చూడొచ్చారు!" అని కాఫీ ఇప్పించి మరీ సాగనంపాట్ట. అమ్మ ఇంకేమీ అనలేదు. బట్ట కింద న్యూస్‌పేపరు ముక్క పెట్టి కుట్టి, అయ్యాక కాగితం చింపి లాగేసేది. కుట్టు దాటేది కాదు. మా చిన్నప్పటి గౌన్లన్నీ అలా కాగితం మీద కుట్టినవే. కుట్టుమిషనంటే కాగితం పెట్టే కుట్టాలి కాబోలనుకునేవాళ్ళం నేనూ, మా చెల్లెలూ. పెళ్ళయ్యాక మా అత్తవారింట్లో నిక్షేపంలాంటి మిషను ముందు కూర్చుని నేను పేపరు అడిగితే, మా ఆడబడుచు "చదువుతూ కుడతావా వదినా?" అని పకపకా నవ్వింది.

ఈ పాత పురాణం ఇప్పుడెందుకంటారా? మా చెల్లెలి కొడుకు బుజ్జి మూలంగా. పేరుకి బుజ్జిగానీ మనిషి ఆరడుగులుంటాడు, బెంగుళూరులో కంప్యూటర్ల ఉద్యోగం. 2018 సంక్రాంతికి ఇంటికొచ్చాడన్నమాటేగానీ, భోగిమంట చూడలేదు, అరిసె ముక్క నోట పెట్టలేదు. కళ్ళు చింతనిప్పుల్లా వున్నాయి. పొద్దస్తమానూ ఆ లాప్‌టాప్ ముందే. "ఏమిట్రా ఇంత ప్రళయం?" అని అడిగాను.

"ప్రళయమే పెద్దమ్మా! చిప్పులోనే తప్పుంది. ప్రపంచంలో వున్న కంప్యూటర్లన్నిట్లోంచీ చిప్పులు పీకి మార్చలేం గదా! అందుకని అమ్మమ్మలాగా కింద కాగితం పెడుతున్నాం" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నాకు సగం అర్థమైపోయింది. మిగతా సగం వాడిచేత చెప్పించుకుని, దొరికినంతమటుకు చదివి తెలుసుకున్నాను. రాజుల చరిత్రలూ, రాణుల చరిత్రలూ మనం చదవనివి కావు. ఇది తప్పుల చరిత్ర. ఇంకా చెప్పాలంటే, ఒకళ్ళు చేసిన తప్పుని మరొకళ్ళు ఎలా సర్దుకొచ్చారనే చరిత్ర.

ముందు రెండు ముక్కలు చెప్పాలి. కంప్యూటరులో లెక్కలు చేసేది ప్రాసెసరు, అంటే చిప్పు. గోరంత వుంటుంది, దాని మీద లక్షల కొద్దీ, ఇప్పుడైతే కోట్ల కొద్దీ సూక్ష్మమైన స్విచ్చులు. దాన్ని చేత పట్టుకుని ఇల్లు నడిపేది ఆపరేటింగ్ సిస్టమ్. ఎవరికి ఎప్పుడు వడ్డించాలి, ఎవరు ఏ గదిలోకి రావచ్చు, ఎవరు రాకూడదు అన్నీ చూసుకునేది ఆవిడే. ఆవిడ అనడంలో నా స్వార్థం వుందనుకోండి. చిప్పు ఒకసారి ఫాక్టరీలోంచి బయటికొచ్చిందంటే దానిలో గీసిన గీత గీసినట్టే వుండిపోతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం రాసుకున్న సూచనల మూటే గనక ఎప్పుడంటే అప్పుడు దిద్దుకోవచ్చు. అంచేత చిప్పు తప్పు చేస్తే సర్దుకోవలసిన వంతు ఎవరిదో నేను వేరే చెప్పక్కర్లేదు.

1987లో ఇంటెల్ కంపెనీ వాళ్ళ 80386 అనే చిప్పుల్లో కొన్ని పెద్ద అంకెల హెచ్చవేతలో తప్పాయి. కంపెనీ వాళ్ళు పారెయ్యలేదు. పరీక్షలో నెగ్గిన వాటి మీద గ్రీకు అక్షరం సిగ్మా రెండుసార్లు ముద్ర వేశారు. నెగ్గనివాటి మీద '16 బిట్ సాఫ్ట్‌వేరుకి మాత్రమే' అని ముద్ర గుద్దారు. పెద్ద లెక్కలు పెట్టకండి, చిన్న లెక్కలకైతే ఫరవాలేదు అని దానర్థం. మనకి చీరల షాపుల్లో 'సెకండ్స్' అని అమ్మరూ, అలాగే. ముద్ర వేసి చెప్పారు గనక నాకు వాళ్ళ మీద కోపం లేదు. కొనుక్కునేవాళ్ళకి తెలిసి కొనుక్కున్నారు.

చెప్పకపోవడం దగ్గరే పేచీ వచ్చింది, 1994లో.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో లించ్‌బర్గ్ కాలేజీ. అక్కడ థామస్ నైస్లీ అనే లెక్కల ప్రొఫెసరుగారు. ఆయనకి జంట ప్రధాన సంఖ్యలంటే మక్కువ. ప్రధాన సంఖ్యలంటే మనం స్కూల్లో చదివినవే, ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ భాగింపబడనివి. 11, 13 అలాంటి జంట. 17, 19 ఇంకో జంట. ఇలా కోట్ల దాకా వెతుకుతూ, ఒక్కొక్క దానితో ఒకటిని భాగించి, వచ్చినవన్నీ కూడుతూ పోవడం ఆయన పని. ఎందుకూ అని అడక్కండి, ముగ్గులో చుక్కలెందుకంటే ఏం చెబుతాం! ఆ సంవత్సరం మార్చిలో ఆయన కంప్యూటర్లకి తోడుగా కొత్త పెంటియం చిప్పు వున్నది ఒకటి తెచ్చుకున్నారు. జూన్‌కల్లా లెక్కలో తేడా కనిపించింది. పాత 486 చిప్పు ఒకటి చెబితే పెంటియం ఇంకోటి చెబుతోంది. ఎక్కడా? 82,463 కోట్ల పైచిలుకు దగ్గర వున్న ఒక జంట సంఖ్యల దగ్గర. పందొమ్మిది అంకెలదాకా సరిగా రావలసిన జవాబు పదో అంకె దగ్గరే దారి తప్పింది.

తొమ్మిది అంకెలదాకా సరిగ్గానే వుందిగదా అని మీరూ నేనూ అయితే ఊరుకునేవాళ్ళం. ఆయన ఊరుకోలేదు. ముందు తన ప్రోగ్రామునే అనుమానించారు. తరవాత దాన్ని తర్జుమా చేసే కంపైలరుని, తరవాత కంప్యూటరులోని మిగతా భాగాలని. ఒక్కొక్కటే మారుస్తూ, తీసేస్తూ నాలుగు నెలలు. దొంగతనం జరిగిన ఇంట్లో ముందు తన కొంగే వెతుక్కున్న మనిషాయన. అక్టోబరుకి ఇక చిప్పు తప్ప ఎవరూ మిగల్లేదు. 24న కంపెనీకి చెప్పారు, 30న నలుగురు తెలిసినవాళ్ళకి ఉత్తరం పంపారు. అది కంప్యూటర్ల ద్వారా పంపిన ఉత్తరం కావడాన రోజుల్లో ప్రపంచమంతా పాకింది. తీరా చూస్తే, కంపెనీలోని ఇంజనీర్లు ఆ వేసవిలోనే ఈ తప్పు కనిపెట్టి, ఇక ముందు తయారయ్యేవాటిలో దిద్దుకునే ఏర్పాటు చేసుకున్నారు. అప్పటికే అమ్మినవాటి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు!

తప్పెక్కడుందో చెబుతాను, ఇది మన మూడో తరగతి భాగహారమే. 7 తో పెద్ద సంఖ్యని భాగించేటప్పుడు మొదటి ఒకటి రెండు అంకెలు చూసి "ఎన్నిసార్లు పోతుంది?" అని మనసులో ఊహించుకుంటాం గదా! పెంటియం చిప్పూ అంతే చేస్తుంది. ఊహించడానికి బదులు ఎక్కాల పుస్తకంలాంటి పట్టిక దానిలోనే చెక్కి వుంటుంది. ఆ పట్టికలో పనికొచ్చే గడులు 1066. వాటిల్లో అయిదు గడుల్లో 2 వుండవలసిన చోట సున్నా వుంది. అంతే! మిగతా 1061 చక్కగా వున్నాయి. లెక్క నడుస్తూ నడుస్తూ ఆ అయిదింటిలో ఒక గడి మీద కాలు పడితేనే ప్రమాదం. టిమ్ కో అనే ఇంజనీరు ఆ గడి మీద కచ్చితంగా కాలు పడే లెక్క కనిపెట్టాడు: 41,95,835 ని 31,45,727 తో భాగించడం. జవాబు 1.33382 అని రావాలి, పెంటియం 1.33373 అంటుంది. వచ్చిన జవాబుని మళ్ళీ 31,45,727 తో హెచ్చించి మొదటి సంఖ్యలోంచి తీసేస్తే ఏమీ మిగలకూడదు. 256 మిగిలేది! ఇంట్లో కూర్చుని ఎవరైనా చేసి చూసుకోవచ్చు. అది పట్టుబడ్డాక ఇక దాచడం ఎవరి తరం?

కంపెనీ ఏమంది? మామూలు మనిషికి ఇలాంటి తప్పు 27,000 ఏళ్ళకొకసారి వస్తుందంది. మా షాపాయన కూడా ఇంత ధైర్యంగా చెప్పలేదు. మీకు నిజంగా అంత పెద్ద లెక్కల అవసరం వుందని రుజువు చేస్తేనే మార్చి ఇస్తామంది. ఐ.బి.ఎం. వాళ్ళు తాము లెక్కగట్టి, 27,000 ఏళ్ళు కాదు, 24 రోజులకే రావచ్చునన్నారు. డిసెంబరు 12న ఆ చిప్పున్న కంప్యూటర్లు అమ్మడం ఆపేశారు. డిసెంబరు 20న ఇంటెల్ క్షమాపణ చెప్పి, అడిగినవాళ్ళందరికీ కారణం అడక్కుండా మార్చి ఇస్తామని ప్రకటించింది. దాని ఖరీదు 47 కోట్ల 50 లక్షల డాలర్లు. అయిదు సున్నాల ఖరీదన్నమాట.

ఇదిలా వుండగా, ఈ తగవుతో నిమిత్తం లేకుండా ఒక పక్క సర్దుకొచ్చే పని నడుస్తోంది. దాంట్లో ఒకటి నాకెంత నచ్చిందంటే, వంటింట్లో కాగితమ్మీద వేసి చూసుకున్నాను. క్లీవ్ మోలర్ అనే గణితవేత్తా, నార్వేకి చెందిన టెర్యే మాతిసెనూ, టిమ్ కో, పీటర్ టాంగ్, ఇంటెల్ వాళ్ళు కొందరూ కలిసి తయారుచేసిన ఉపాయమది. 12ని 4తో భాగిస్తే 3. రెండింటినీ రెట్టింపు చేసి 24ని 8తో భాగించినా 3. పైదాన్నీ కిందదాన్నీ ఒకే సంఖ్యతో హెచ్చిస్తే జవాబు మారదు. కనుక, భాగించబోయే సంఖ్య మొహం చూడు. అది చెడ్డ గడివేపు పోయే జాతిదైతే రెండు సంఖ్యల్నీ 15/16 తో హెచ్చించెయ్యి. ఇప్పుడా లెక్క వేరే గడుల మీదుగా నడుస్తుంది, జవాబు సరిగ్గా వస్తుంది. వాకిట్లో కూలిన మెట్టుంటే పెరటి దోవన రమ్మనడంలాంటిది. ఇది ప్రోగ్రాములు రాసేవాళ్ళు చేసుకున్న ఏర్పాటు. ఆపరేటింగ్ సిస్టమ్‌లలో విండోస్ ఎన్.టి.లో ఒక ఆజ్ఞ పెట్టారు. అది చిప్పుని పరీక్షించి, కావాలంటే దశాంశాల లెక్కలు దానిచేత చేయించడమే మానిపించి, తానే ఒక్కొక్క అడుగూ లెక్క కట్టుకుంటుంది. నెమ్మదే, కానీ నమ్మకం. లినక్స్ అయితే కంప్యూటరు వెలిగిన ప్రతిసారీ చిప్పుని ఒక భాగహారం చెప్పించుకుని మరీ లోపలికి రానిచ్చేది. పెళ్ళిచూపుల్లో పాట పాడమన్నట్టు!

1997 నవంబరులో ఇంకొకటి బయటపడింది. ఇది లెక్కతప్పు కాదు, మూర్ఛ. ఎఫ్0 0ఎఫ్ సి7 సి8 అనే నాలుగు ముక్కల ఆజ్ఞ ఒకటుంది. అసలది అర్థంలేని ఆజ్ఞ. ఎవరైనా ఇస్తే చిప్పు "ఇది చెల్లదు" అని ఆపరేటింగ్ సిస్టమ్‌కి చెప్పి వూరుకోవాలి. పెంటియం ఏం చేసేదంటే, జ్ఞాపకాల కొట్టుకి తాళం బిగించేసి, ఆ తాళం తియ్యకుండానే ఎవరికి చెప్పాలో వెతకబోయి, అక్కడే బిగుసుకుపోయేది. మళ్ళీ ఆపి వెలిగించేదాకా ఉలుకూ పలుకూ లేదు. ఇంట్లో ఒంటరిగా వాడుకునేవాళ్ళకి పెద్ద నష్టం లేదు. కాలేజీల్లో ఒకే కంప్యూటరు మీద వందమంది పనిచేసుకునే చోట ఏ ఆకతాయో ఆ నాలుగు ముక్కలు కొడితే వందమంది పనీ ఆగిపోతుంది.

ఇప్పుడు చూడండి సర్దుబాటు. ఆపరేటింగ్ సిస్టమ్ ఒక జాబితా రాసి పెట్టుకుంటుంది, ఫలానా ఆపదొస్తే ఫలానావారిని పిలవండి అని, మనం టెలిఫోను పక్కన డాక్టరు నంబరూ, గ్యాసు నంబరూ రాసి పెట్టుకున్నట్టే. సున్నా నుంచి లెక్కపెడితే చెల్లని ఆజ్ఞ వచ్చినప్పుడు చూడవలసిన వరస ఆరోది. జ్ఞాపకాల కొట్టులో వస్తువు అందకపోతేనో, ముట్టుకోకూడనిది ముట్టుకుంటేనో చూడవలసిన వరస పధ్నాలుగోది. చిప్పు బిగుసుకుపోయేది ఆరో వరస చదవబోయే క్షణంలో. అందుకని ఆ జాబితాని రెండు పేజీల్లో పడేలా జరిపారు. సున్నా నుంచి ఆరుదాకా ఒక పేజీ చివర, ఏడు నుంచి రెండో పేజీలో. మొదటి పేజీకి 'ఇక్కడ రాయరాదు' అని కట్టడి పెట్టారు. పెంటియం తాళం బిగించుకుని ఆరో వరస మీద చెయ్యి వెయ్యగానే కట్టడి తగులుతుంది. "అయ్యో, ముట్టుకోకూడనిది ముట్టుకున్నానే!" అని అది ఉలిక్కిపడి, పధ్నాలుగో వరస చూస్తుంది. అది మంచి పేజీలో వుంది గనక పిలుపు అందుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చి, "ఏ వరస చూడబోయి తడబడ్డావు? ఆరోదా? అయితే ఎవడో చెల్లని ఆజ్ఞ ఇచ్చాడన్నమాట" అని ఆ ఆకతాయి ప్రోగ్రాముని బయటికి పంపేస్తుంది. ముల్లుని ముల్లుతోనే తీశారు చూశారా! లినక్స్‌లో ఈ ఏర్పాటు రాసినవాడు ఇంగో మోల్నార్ అనే హంగరీ యువకుడు. తప్పు బయటపడ్డ నవంబరులోనే దిద్దుబాటూ జనానికి అందింది. పాతికేళ్ళ తరవాత కూడా లినక్స్‌లో ఆ నాలుగు వాక్యాలూ అలాగే వున్నాయిట, ఏ మూలో పాత పెంటియం మిగిలి వుంటే దానికోసమని.

ఇక 2018 సంక్రాంతి నాటి గొడవ. దీని పేరు మెల్ట్‌డౌన్. 1995 నుంచి అప్పటిదాకా ఇంటెల్ చేసిన చిప్పులన్నిటిలో, బహు కొద్ది తప్ప, ఇది వుండేది.

వేగం కోసం చిప్పు అనుమతి రాకముందే పని మొదలెట్టేస్తుంది. బీరువా తాళం తీయవచ్చో లేదో పెద్దావిడని అడుగుతూనే, ఈలోగా నగ బయటికి తీసి పెట్టే పనిమనిషిలాగా. తియ్యకూడదని జవాబు వస్తే మళ్ళీ లోపల పెట్టేస్తుంది, ఏమీ ఎరగనట్టు. ఇందులో మోసమేముందని ఇరవయ్యేళ్ళు అందరూ అనుకున్నారు. కానీ తీసి పెట్టిన జాడ వుండిపోతుంది. ఇప్పుడే వాడిన గిన్నె వెచ్చగా వుండదూ, అలాగన్నమాట. ఏ గిన్నె వెచ్చగా వుందో తడిమి చూసి, లోపల ఏం వండారో చెప్పెయ్యవచ్చు. ఒక్కొక్క అక్షరమే అలా తడుముకుంటూ పోతే ఆపరేటింగ్ సిస్టమ్ తన దగ్గర దాచుకున్న రహస్యపు మాటలన్నీ మామూలు ప్రోగ్రాము చదివెయ్యగలదు.

దీన్ని గూగుల్‌లో పనిచేస్తున్న యాన్ హార్న్ అనే ఇరవైరెండేళ్ళ జర్మను కుర్రాడు, చిప్పు తయారీ పుస్తకాలు చదువుతూ చదువుతూ పట్టుకున్నాడు. 2017 జూన్‌లో కంపెనీకి చెప్పాడు. జర్మనీలోని సైబరస్ అనే సంస్థవాళ్ళకీ, ఆస్ట్రియాలో గ్రాట్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్ళకీ ఎవరికి వారికే తట్టింది. గ్రాట్స్‌లో డానియేల్ గ్రూస్ డిసెంబరులో ఒక రోజున తన కంప్యూటరు మీదే ప్రయోగం చేసి చూసుకుంటే, తాను చూసిన ఇంటర్నెట్ చిరునామాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయిట. తన ఇంటి కిటికీలోంచి తానే తొంగి చూసుకున్నట్టు బిక్కచచ్చిపోయాడు.

తమాషా ఏమిటంటే ఆ గ్రాట్స్ వాళ్ళే ఇంకో చిన్న బెడదకని అంతకుముందు ఒక ఏర్పాటు తయారుచేసి పెట్టారు. ఆపరేటింగ్ సిస్టమ్ గది తలుపు తాళం వేసి వుంచినా ఆ గది ప్రతి ప్రోగ్రాము ఇంటి పటంలోనూ గీసి వుండేది, రాకపోకలకి తొందరగా వుంటుందని. వీళ్ళు ఆ గదిని పటంలోంచే తుడిచెయ్యమన్నారు. గది ఎక్కడుందో తెలియకపోతే తొందరపడి తియ్యడానికేముంటుంది? పెద్ద జబ్బుకీ ఆ మందే పనికొచ్చింది. 2018 జనవరి 9దాకా గుట్టుగా వుంచుదామనుకున్నారు. క్రిస్మస్ సెలవుల్లో లినక్స్ వాళ్ళు కంగారుగా ఏదో అతుకు వేస్తున్నారని చూసినవాళ్ళకి అనుమానం వచ్చి, జనవరి 3నే గుట్టు రట్టయింది. మా బుజ్జి పండగ పోయింది.

ఈసారి కాగితం ఊరికే రాలేదు. ప్రోగ్రాము ఏ చిన్న పనికి ఆపరేటింగ్ సిస్టమ్‌ని పిలిచినా పటం మార్చుకోవాలి, మళ్ళీ వెనక్కి మార్చుకోవాలి. మామూలు వాడకంలో పెద్దగా తెలియదుగానీ, మాటిమాటికీ పిలుపులుండే పెద్ద పెద్ద లెక్కల ఖాతాల దగ్గర నెమ్మది కొట్టొచ్చినట్టు కనపడింది. కొన్నప్పుడు ఎంత వేగానికి డబ్బిచ్చారో అంత వేగం తరవాత లేదు. "మరి మార్చి ఇవ్వరా? 1994లో ఇచ్చారుగా?" అన్నాను.

"మార్చి ఇవ్వడానికి మంచి ముక్క షాపులో వుండాలిగా పెద్దమ్మా! అప్పటికి అన్నీ ఇవే" అన్నాడు బుజ్జి.

నిజమే. వాదించలేకపోయాను. అయినా ఒక సందేహం నన్ను వదల్లేదు. నైస్లీగారు సర్దుకుపోయి వుంటే, పాత 486 మీదే లెక్క చేసుకుంటానని వూరుకుని వుంటే, ఆ అయిదు సున్నాలూ ఎన్నాళ్ళు వుండేవి? మా అమ్మ కాగితం పెట్టకుండా, ఆ కుట్టు దాటిన జాకెట్టు పట్టుకెళ్ళి షాపాయన బల్ల మీద పరిచి కూర్చునుంటే? కానీ ఆ వారం మా ఇద్దరికీ పండక్కి బట్టలు కావాలి. కాగితం పెట్టకపోతే మా గౌన్లు ఎవరు కుట్టేవారు? బుజ్జీ వాళ్ళు ఆ పండగ రోజుల్లో సర్దకపోతే ఎంతమంది గుట్టు బజార్న పడేదో! సర్దేవాళ్ళని తప్పు పట్టలేను, సర్దారుగదా అని తప్పు చేసినవాళ్ళని వదల్లేను. ఈ రెంటి మధ్యా నా మనసు ఇప్పటికీ గడి దొరకని లెక్కలాగే వుంది.

మొన్న చెల్లెలింటికి వెళ్ళినప్పుడు బుజ్జి నా లాప్‌టాప్ తెరిచి చూపించాడు. లినక్స్‌లో చిప్పు వివరాలుండే చోట 'బగ్స్' అని ఒక వరస వుంటుంది. మెల్ట్‌డౌన్, స్పెక్టర్ ఒకటి, స్పెక్టర్ రెండు, ఆపైన నాకు నోరు తిరగనివి ఇంకా బోలెడు. డాక్టరుగారి చీటీలా వుంది. "ఇన్ని జబ్బులతో ఎలా పనిచేస్తోందిరా ఇది?" అన్నాను. "నువ్వూ అమ్మా చెయ్యటం లేదూ!" అని నవ్వాడు వెధవ.

అప్పటికి మా చెల్లెలు మనవరాలి వాయిలు గౌను ముందేసుకుని అమ్మ మిషను దగ్గర కూర్చుని వుంది. బుజ్జి లాప్‌టాప్ మీంచి కళ్ళు తిప్పకుండానే టీపాయ్ మీదికి చెయ్యి చాచి, పేపర్లోంచి ఒక కాగితం సర్రున చింపి దానికి అందించాడు.

"ఒరేయ్, అది ఇవాళ్టి పేపర్రా! మీ నాన్న ఇంకా చదవలేదు" అంది మా చెల్లెలు.